ఇస్తాంబుల్‌లో ఒక పూట

దేశాటనం వలన లోకజ్ఞానం కలుగుతుందని మన పెద్దలు చెప్పారు. అయితే వారి కాలంలో దేశాటనమంటే నెలల తరబడి, సంవత్సరాల తరబడి సాగే వ్యవహారం. 1325లో మొరాకో నుండి బయలుదేరిన ఇబ్నె బతూతా దాదాపు ముప్ఫై ఏళ్ళు తిరిగాడు. 1830లో చెన్నపట్నం నుండి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తిరిగి ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు గడిచాయి. ఈనాటి బాటసారికి అంత తీరిక ఎక్కడిది? ఒక విమానం దిగి మరియొక విమానం ఎక్కే నడుమ దొరికే కొద్ది గంటలే అతని దేశాటనం. ఆ కొద్ది గంటలలో ఒక చారిత్రక నగరాన్ని చూడడం సాధ్యమా? చూచినా, దానిని గురించి నలుగురిలో మాట్లాడే అర్హత అతనికి ఉన్నదా? ఈ ప్రశ్నలకు నాకు తోచిన సమాధానాన్ని, దానితోపాటు మన విద్యార్థులకు చెప్పదలచిన ఒక మాటను ఈ వ్యాసంలో విన్నవిస్తున్నాను.

2024 అక్టోబరులో జర్మనీలో జరిగిన ఒక అనువాద సదస్సు నుండి తిరిగివస్తూ నేను ఇస్తాంబుల్‌లో విమానం మారవలసి వచ్చింది. నడుమ పది గంటల వ్యవధి ఉన్నది. ఐరోపా వీసా చేతిలో ఉండడం వలన ఆ దేశపు ప్రవేశపత్రం సులభంగానే లభించింది. విమానాశ్రయం పాత నగరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరం. రాకపోకలకు మూడు గంటలు, తనిఖీల కోసం ముందుగా చేరుకోవడానికి మూడు గంటలు తీసివేస్తే, నగరానికి మిగిలింది నాలుగు గంటలు. బస్సులో నా పక్కన కూర్చున్న ప్రయాణికుని చేతిలో పన్నెండు ప్రదేశాల జాబితా ఉన్నది. ఒక్కొక్క దానికి ఇరవై నిమిషాల చొప్పున కేటాయించుకున్నాడు. నేను మాత్రం ఒకే ఒక మైదానాన్ని, దాని చుట్టుపక్కలను చూచి తృప్తిపడదలచాను. అది సుల్తానహ్మద్ మైదానం. రోమను చక్రవర్తుల కాలంలో అక్కడ రథాల పందేలు జరిగేవి.

ఆ మైదానం నడుమ ఈజిప్టు నుండి తెచ్చి నిలిపిన ఒక శిలాస్తంభం ఉన్నది. క్రీస్తుపూర్వం పదిహేనవ శతాబ్దంలో మూడవ తుత్‌మోస్ అనే ఫరో చెక్కించిన ఆ స్తంభాన్ని క్రీ.శ. 390లో థియోడోసియస్ చక్రవర్తి ఇక్కడ నిలబెట్టించాడు. స్తంభం మీద ఈజిప్టు చిత్రలిపి, కింది పీఠం మీద ఒక వైపు లాటిను, మరొక వైపు గ్రీకు ఉన్నాయి. స్తంభాన్ని నిలపడానికి ముప్ఫై రోజులు పట్టిందని లాటిను, ముప్ఫై రెండు రోజులని గ్రీకు చెబుతున్నాయి. ఒకే రాతి మీద రెండు భాషలు రెండు రోజుల తేడాతో సాక్ష్యం చెప్పడం చూచి నవ్వుకున్నాను.

అయితే నన్ను ఆలోచింపజేసిన విషయం వేరొకటి. తేదీ తెలిసిన చిట్టచివరి చిత్రలిపి శాసనం ఈజిప్టులోని ఫిలే దేవాలయంలో ఉన్నది. దాని కాలం క్రీ.శ. 394. అనగా ఇక్కడ ఈ స్తంభం నిలిచిన నాలుగేళ్ళకే, అక్కడ ఆ లిపిని వ్రాసే చేతులు దాదాపు ఆగిపోయాయి. ఆ తరువాత పధ్నాలుగు వందల ఏళ్ళపాటు ఈ మైదానంలో నడిచిన వారెవ్వరూ ఆ బొమ్మలను చదువలేకపోయారు. 1822లో షాంపోలియన్ వాటి రహస్యాన్ని ఛేదించగలిగాడంటే, రొసెట్టా శిల మీద ఆ లిపి పక్కనే గ్రీకు కూడా ఉండడమే అందుకు ఆధారమైంది. మూగవోయిన లిపికి మళ్ళీ మాట వచ్చింది పక్కనున్న మరొక లిపి సాయంతోనే.

అక్కడి నుండి అయా సోఫియాకు వెళ్ళాను. 537లో జస్టీనియన్ చక్రవర్తి పూర్తి చేయించిన ఆ కట్టడం 1453 వరకు చర్చిగా, ఆ తరువాత మసీదుగా, 1935 నుండి ప్రదర్శనశాలగా ఉండి, 2020 జులైలో తిరిగి మసీదు అయింది. జుహర్ నమాజు ముగించి తలయెత్తి చూస్తే, 7 మీటర్లకు పైబడిన వ్యాసం గల గుండ్రని పలకల మీద అల్లాహ్, ముహమ్మద్, నలుగురు ఖలీఫాలు, హసన్, హుసేన్‌ల నామాలు కనిపించాయి. పందొమ్మిదవ శతాబ్దంలో ముస్తఫా ఇజ్జత్ ఎఫెందీ అనే లేఖకుడు వ్రాసిన అక్షరాలవి. చిన్ననాడు మా అమ్మగారు పలక మీద దిద్దించిన అక్షరాలే! పరాయి దేశంలో ఎవరి సాయమూ లేకుండా చదువగలిగానన్న సంతోషం కలిగింది. అదే భవనం పై అంతస్తులో, పాలరాతి పిట్టగోడ మీద, ఎప్పుడో ఉత్తరదేశపు సిపాయి ఒకడు తన లిపిలో తన పేరు గీసిపోయాడు. హాఫ్‌డన్ అన్న ఆ పేరు తప్ప అతని గురించి లోకానికి మరేమీ తెలియదు. అక్షరం ఎంత అల్పమైనదో, ఎంత మొండిదో చూడండి!

మైదానం నుండి పడమరగా దివాన్‌యోలు వీధి వెంట నడిస్తే రెండవ మహమూద్ సుల్తాన్ సమాధి మందిరం వస్తుంది. దాని ఆవరణలో ఆనాటి ఉద్యోగుల, వారి కుటుంబాల సమాధులు ఉన్నాయి. పురుషుల రాళ్ళ మీద తలపాగాలు, ఫెజ్ టోపీలు. స్త్రీల రాళ్ళ మీద పువ్వులు. చాలా వాటి మీది వ్రాత మన నస్తాలీఖ్‌కు తోబుట్టువు. అక్కడివారు దానిని తాలీఖ్ అంటారు. నేను ఒక రాయి ముందు నిలబడి పై వరుస బయటికే చదివాను. “హువల్ బాఖీ” అని ఉన్నది. ఆయన ఒక్కడే శాశ్వతుడని అర్థం. చివరి వరుసలో ఫాతిహా చదువుమని దారినపోయేవారికి వేడికోలు. నడుమ వరుసలు మాత్రం తురకీ భాష. అక్షరాలు తెలుసు, అర్థం తెలియదు.

పక్కన బల్ల మీద నువ్వులు అద్దిన కంకణాకారపు రొట్టె తింటున్న యువకుడొకడు ఇది విని లేచి వచ్చాడు. ఇంజనీరింగు విద్యార్థి. “మీరు దీనిని చదువగలరా?” అని ఇంగ్లీషులో అడిగాడు. అక్షరాలు చదువగలనని, భాష రాదని చెప్పాను. అతడు తన ఫోనులో ఒక ఫోటో తీసి చూపించాడు. వారి సొంత ఊరిలోని సమాధి రాయి అది. వారి నాయనమ్మగారికి నాయనమ్మదట. పండుగ పండుగకూ ఇంటిల్లిపాదీ ఆ రాయి ముందు నిలిచి ప్రార్థన చేస్తారట గాని, దాని మీద ఏమున్నదో ఇప్పుడు ఇంట్లో ఎవరికీ తెలియదట.

నేను ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చదువసాగాను. ఒకచోట మన హైదరాబాదీ యాసలో “ఖజీ” అన్నాను. అతనికి బోధపడలేదు. మళ్ళీ చదివాను. ఒక్క క్షణం ఆగి, “కిజి!” అని కేకవేశాడు. కుమార్తె అని అర్థమట. దాని ముందున్న మాట ఆమె తండ్రి పేరు. ఆ పేరు తాను ఎన్నడూ వినలేదన్నాడు. కింద 1333 అని హిజ్రీ సంవత్సరం, క్రీస్తుశకంలో 1914–15. ఆ అంకెలు సైతం అతనికి తెలియవు. నాకు అక్షరం ఉన్నది, అర్థం లేదు. అతనికి అర్థం ఉన్నది, అక్షరం లేదు. ఇద్దరమూ కలిస్తే గాని ఆ తల్లి ఎవరి బిడ్డో తేలలేదు. అతడు వెంటనే ఇంటికి ఫోను చేసి ఆ పేరును రెండుసార్లు చెప్పాడు. అవతల వినేవారు వ్రాసుకుంటున్నారు కాబోలు, మూడవసారి ఒక్కొక్క అక్షరంగా చెప్పాడు.

ఇది ఎట్లా సంభవించిందో చరిత్ర తెలిసినవారికి విదితమే. మేము నిలబడిన చోటికి దగ్గరలోనే ఉన్న గుల్హానె ఉద్యానవనంలో 1928 ఆగస్టు 9 రాత్రి ముస్తఫా కమాల్ కొత్త లిపిని ప్రకటించాడు. నవంబరు 1న చట్టం వచ్చింది. డిసెంబరు 1 నుండి పత్రికలు, 1929 జనవరి 1 నుండి పుస్తకాలు లాటిను అక్షరాలలోనే వెలువడాలని శాసించారు. ఇందులో మంచి లేదని నేను అనను. తురకీ భాషలో ఎనిమిది అచ్చులు ఉన్నాయి. వాటిని వేరువేరుగా చూపే ఏర్పాటు అరబీ లిపిలో లేదు. 1927 జనాభా లెక్కలనాటికి అక్కడ చదువు వచ్చినవారు నూటికి సుమారు పది మంది. కొత్త లిపి వలన బడిపిల్లలకు చదువు సులభమైంది. భాషకూ నష్టం రాలేదు. 2006లో నోబెల్ బహుమానం పొందిన ఒర్హాన్ పాముక్ ఆ కొత్త లిపిలో వ్రాసినవాడే.

అయినా తాతకూ మనుమడికీ నడుమ ఒక తలుపు మూతపడింది. పాత లిపితోపాటు అరబీ, పారసీ మాటలను కూడా ఏరివేయడం వలన, ముస్తఫా కమాల్ 1927లో ఆరు రోజులపాటు చేసిన సుప్రసిద్ధ ప్రసంగాన్నే తరువాతి తరాల కోసం నేటి భాషలోకి తిరిగి వ్రాయవలసి వచ్చింది. 2014 డిసెంబరులో అక్కడి జాతీయ విద్యామండలి పాత లిపిని పాఠశాలల్లో నేర్పాలని సిఫారసు చేసినప్పుడు దేశమంతటా పెద్ద వాగ్వాదం చెలరేగింది. ఆ వాదంలో తీర్పు చెప్పడానికి పది గంటల బాటసారిని నేనెవరిని? ఆ యువకుని ముఖంలో చూచిన సంతోషాన్ని మాత్రమే సాక్ష్యంగా చెప్పగలను.

ఇక మన సంగతికి వస్తాను. మన లిపులను మార్చుమని ఏ ప్రభుత్వమూ శాసించలేదు. పైగా 2017లో ఉర్దూను తెలంగాణమంతటికీ రెండవ అధికార భాషగా గుర్తించారు. అయినా మన తరగతి గదులలో జరుగుతున్నదేమిటి? ఇంట్లో చక్కని ఉర్దూ మాట్లాడే విద్యార్థి ఆ మాటలను ఇంగ్లీషు అక్షరాలలో వ్రాస్తున్నాడు. తెలుగు విద్యార్థి ఫోనులో తెలుగును ఇంగ్లీషు అక్షరాలలోనే వ్రాస్తున్నాడు. ఇస్తాంబుల్‌లో చట్టం చేసిన పనిని ఇక్కడ మన బద్ధకం చేస్తున్నది. చట్టాన్నయినా మరొక చట్టం సవరించగలదు. బద్ధకానికి సవరణ ఎవరు తేగలరు?

దీనివలన కలిగే నష్టం కేవలం మనోభావాలకు సంబంధించినది కాదు. నిజాం కాలపు భూమి పత్రాలు, క్రయదస్తావేజులు ఉర్దూలో ఉన్నాయి. ఆనాడు హిందూ ముస్లిం భేదం లేకుండా చదువుకున్నవారిలో చాలామంది ఉర్దూ చదివేవారు. ఈనాడు వారి మనుమలు తమ పొలం హద్దులు తెలుసుకోవడానికి డబ్బిచ్చి చదివించుకోవలసి వస్తున్నది. మరొక వైపు తెలుగు గడ్డ మీద పుట్టి, తెలుగువారితో వ్యాపారం చేస్తూ, తెలుగు నోటీసును పక్కవారి చేత చదివించుకునే మన పిల్లలున్నారు. తెలుగు పాఠం చెప్పి జీవించే నాకు ఇది మరింత బాధ కలిగిస్తున్నది. “తెలుగు మనకెందుకు సార్?” అని అడిగే విద్యార్థికి నేను గోల్కొండను చూపిస్తాను. ఇబ్రహీం కుతుబ్‌షా ఆస్థానంలో తెలుగు కవులు సన్మానం పొందారు. అచ్చతెలుగులో వెలువడిన మొదటి కావ్యం, పొన్నికంటి తెలగనార్యుని ‘యయాతి చరిత్ర’, అంకితం పొందినది అమీన్‌ఖాను. కుతుబ్‌షాహీల ఫర్మానాలలో పారసీ, తెలుగు ఒకే కాగితం మీద పక్కపక్కన కనిపిస్తాయి. ఒక లిపి మరొక లిపికి పోటీ అని వారు తలచలేదు.

రెండు లిపులు నేర్చుకోవడం భారమని కొందరు అంటారు. మాట్లాడడం వచ్చిన భాషకు అక్షరాలు నేర్చుకోవడం ఎంతటి భారం? రోజుకు అరగంట చొప్పున కేటాయిస్తే ఒక వేసవి సెలవుల పని. ఉర్దూ వచ్చిన విద్యార్థి తెలుగు మిత్రునికి, తెలుగు వచ్చినవాడు ఉర్దూ మిత్రునికి నేర్పితే ఖర్చు కూడా ఉండదు. ఆ సమాధుల ఆవరణలో మేమిద్దరం చేసింది అటువంటి పనే.

నాలుగు గంటలలో నేను ఇస్తాంబుల్‌ను చూచానని చెప్పను. రాజభవనాన్ని చూడలేదు, బజారులో అడుగు పెట్టలేదు, బాస్ఫరస్ జలాల మీద పడవ ఎక్కలేదు. తిరుగు బస్సులో కలిసిన నా తోటి ప్రయాణికుడు తన జాబితాలో తొమ్మిదింటికి గీత పెట్టి చూపించాడు. నేను చూచిన రాయి అతని జాబితాలో లేదు. కొద్ది వ్యవధి దొరికిన బాటసారి ఎన్ని చోట్ల తిరిగాడన్నది ముఖ్యం కాదని, ఒక్కచోటనైనా నిలిచి అక్కడి మనిషితో మాట్లాడితే ఆ ప్రయాణం సార్థకమని నా అభిప్రాయం.

ఈ సంచిక ఎడమ వైపు నుండి తెరిస్తే తెలుగు, కుడి వైపు నుండి తెరిస్తే ఉర్దూ. రెండూ నడుమ ఒకచోట కలుస్తాయి. చాలామంది తమ సగం చదివి, అక్కడితో మూసివేస్తారు. ప్రియ విద్యార్థులారా! ఈసారి ఆ నడిమి పుటను దాటండి. అవతలి వైపు నాలుగు పంక్తులు మీకు చదవడం రాకపోతే, పక్కన కూర్చున్న మిత్రుని అడగండి. అతడు చదివి వినిపిస్తాడు. తరువాత అతనికి మీ నాలుగు పంక్తులు చదివి వినిపించండి.