అద్దెయింట ఏరియలు

రేడియో విద్యయందు అభిరుచిగల విద్యార్థులు మన పాఠశాలలో ఏటేట కొందఱు కనబడుచునే యున్నారు. వారు మమ్ము తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: "అయ్యా, మేము అద్దెయింటిలో నున్నాము. ఇంటివారు తీగ కట్టనీయరేమో యని భయము. ఎవరికిని తెలియకుండ ఏరియలు కట్టుకొనుట యెట్లు?" ఈ ప్రశ్నయందు రెండు విషయములు ఇమిడియున్నవి. చూచువారి కంటికి ఆనకుండ కట్టుట యెట్లనునది మొదటిది. ఇంటి యజమానికి తెలియకుండ కట్టవచ్చునా యనునది రెండవది. మొదటిది శాస్త్రమునకు సంబంధించినది. రెండవది శీలమునకు సంబంధించినది. ఈ రెంటిని కలిపివేయుటచేతనే చిక్కు కలుగుచున్నది. కావున వానిని విడదీసి మా యభిప్రాయమును తెలుపుచున్నాము.

ముందుగా ఏరియలునకు చోటేల కావలయునో చూతము. రేడియో తరంగములు సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగమున పయనించును. 300ను మెగాహెర్ట్జుల సంఖ్యచే భాగించినచో తరంగదైర్ఘ్యము మీటర్లలో వచ్చును. అందు సగమునకు కొంచెము తక్కువ పొడవుగల తీగను నడుమ ఖండించి, అచ్చటినుండి యంత్రమునకు కలిపినయెడల మంచి ఏరియలగును. ఈ లెక్కచొప్పున 14 మెగాహెర్ట్జులకు సుమారు 10 మీటర్లును, 7 మెగాహెర్ట్జులకు సుమారు 20 మీటర్లును తీగ కావలెను. పెరడును రెండు కొబ్బరిచెట్లును గలవారికి ఇది యెంతమాత్రము కష్టము కాదు. కాని నేడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో పెక్కుకుటుంబములు అంతస్తుల మేడలలో చిన్న వాటాలయందు కాపురమున్నవి. కాంక్రీటులోని యినుపకమ్ములు తరంగముల నడ్డగించును. ఇరుగుపొరుగుల దీపములును, చార్జరులును రొద పుట్టించును. మేడపైభాగము ఒక్కరి సొత్తు కాదు. కావుననే పిల్లల మనస్సు చాటుమార్గముల వైపు పోవుచున్నది.

చాటుగా రేడియో నడుపుట యనగానే 1942వ సంవత్సరపు కథ జ్ఞప్తికి వచ్చును. క్విట్ ఇండియా యుద్యమకాలమున ఉషా మెహతాయు ఆమె సహచరులును బొంబాయిలో కాంగ్రెసు రేడియోను రహస్యముగా నడిపిరి. ఆగష్టు 27వ తేదీన 42.34 మీటర్లపై వారి మొదటి ప్రసారము వెలువడెను. పోలీసులు పసికట్టకుండ ఒక వాటానుండి మఱియొక వాటాకు యంత్రమును మార్చుచు, నవంబరు 12వ తేదీన పట్టుబడువఱకు ప్రసారములు సాగించి, ఆమె చెఱసాలకు పోయెను. ఈ కథ విని ఉప్పొంగని విద్యార్థి యుండడు. కాని ఒక భేదమును గుర్తింపవలెను. వారు పరప్రభుత్వమునుండి దాచిరి; దాని ఫలము ననుభవించుటకు సిద్ధపడియే దాచిరి. నేడు పరీక్షయందు కృతార్థుడై లైసెన్సు పొందినవానికి ప్రభుత్వమునుండి దాచవలసినది లేదు. ఇక నెవరినుండి దాచుట? తనకు నీడనిచ్చిన యింటివారినుండియా?

ఇచ్చట మా తప్పును మేమే చెప్పుకొందుము. చాలకాలము క్రిందట మేము ఒక పట్టణమున మూడవ యంతస్తులో అద్దెకుంటిమి. క్రొత్తగా లైసెన్సు వచ్చిన యుత్సాహముతో, ఒక రాత్రి, మోటారులు చుట్టుటకు వాడు సన్నని రాగితీగను బాల్కనీనుండి ఆవరణలోని వేపచెట్టునకు లాగి కట్టితిమి. క్రిందినుండి చూచిన నది కానరాదు. మా నేర్పునకు మేమే మురిసితిమి. సంక్రాంతి దినములలో గాలిపటమొకటి దానికి చిక్కుకొనగా, యజమానురాలి మనుమడు లాగెను. తీగ తెగి వాని యరచేతిని కోసెను. గాయము చిన్నదే, కాని ఆ తీగ యెవరి కిటికీలోనికి పోవుచున్నదో అందఱును చూచిరి. ఆ పెద్దమ్మగారు మెట్లెక్కి వచ్చి, "మాష్టారూ, వాడి చెయ్యి రెండ్రోజుల్లో మానిపోతుంది. ఇన్నాళ్లూ మా ఇంట్లో ఉండి నాతో ఒక్కమాట చెప్పలేదేమండీ?" అని మాత్రమే యనిరి. మేము బదులు చెప్పలేకపోతిమి.

మఱునాడు తీగనంతయు విప్పి, ఆమెకడకు పోయి క్షమార్పణ చేసికొని, సంగతి సాంతముగా విన్నవించితిమి. ఆమె యడిగినవి మూడే ప్రశ్నలు: పిడుగు పడునా? టెలివిజను చెడునా? గోడలకు తూట్లు పడునా? మూడింటికిని మాకు సమాధానములు కలవు. ఆమె కొంత యోచించి, మేడపైన బట్టలారవేయు దండెపు స్తంభమునకే తీగ కట్టుకొనుడని సెలవిచ్చిరి. నాలుగునెలలు దొంగవలె వాడిన ఏరియలుకంటె అది ఎత్తైనది, మేలైనది. అడిగినచో దొరకుదానిని మేము దొంగిలించితిమి! అందఱు యజమానులును ఇట్లే యనుమతింతురని మేము చెప్పము. కాదన్నచో వినవలసినదే. అమెరికాయందు 1985లో సమాఖ్య సంస్థ అమెచ్యూర్ల ఏరియలులకు తగుపాటి వీలు చూపుడని స్థానికప్రభుత్వములను ఆదేశించెను. అయినను ఇంటివారికిని అద్దెకున్నవారికిని నడుమగల ఒడంబడికకు ఆ యుత్తరువు వర్తింపదు. కావున ఎచ్చటనైనను మొదటిమెట్టు ఇంటివారి సమ్మతియే.

సమ్మతి దొరకిన పిమ్మట కంటికి ఆనకుండ కట్టుట దోషము కాదు, అది మర్యాద. వీధివారికి వెగటు కలుగకుండుటకును, ఇంటి యందము చెడకుండుటకును అది యవసరము. దండెమువలె కనబడునట్లు తీగ కట్టవచ్చును. 28 మెగాహెర్ట్జులకు 5 మీటర్ల తీగయే చాలును. 145 మెగాహెర్ట్జులకు ఒక మీటరు చాలును. దానిని ప్లాస్టిక్ గొట్టములో నుంచి పూలకుండీలో తీగపాదునకు ఊతవలె నిలుపవచ్చును. శక్తి తక్కువయని చింతింపనక్కఱలేదు. 5 వాట్లతోనే ఖండాంతరములకు మోర్సు సంకేతములు పంపినవారు పలువురు కలరు. 1993లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానమును పంచుకొన్న జోసెఫ్ టేలరుగారు, స్టీవు ఫ్రాంకిగారితో కలిసి 2017లో ఎఫ్.టి.8 అను పద్ధతిని వెలువరించిరి. రొదలో మునిగి చెవికి వినబడని సంకేతమును సైతము అందు కంప్యూటరు చదువగలదు. చిన్న ఏరియలువారికి ఇది గొప్ప వరము.

అయితే కొన్ని కట్టుబాట్లు తప్పనిసరి. విద్యుచ్ఛక్తి తీగల దరిదాపులకు ఏరియలును పోనీయరాదు. మనుష్యులు నడచుచోటను, పిల్లల చేతికందుచోటను కట్టరాదు. ప్రసారసమయమున ఏరియలును ముట్టినచో చర్మము కాలును. మబ్బు పట్టినంతనే, ఉఱుము వినబడకమునుపే, యంత్రమునుండి విడదీయవలెను. పొరుగువారి టెలివిజను చెదరినచో వారితో వాదింపక ముందు ప్రసారమును ఆపి, పిదప కారణమును వెదకవలెను.

ఇంతశ్రమ యేల యని తల్లిదండ్రు లడుగవచ్చును. 2004వ సంవత్సరము డిసెంబరులో భారతీ ప్రసాద్‌గారు, హైదరాబాదున వెలసిన జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ పక్షమున, సహచరులతో అండమానులోని పోర్టుబ్లెయిరునకు పోయి, ప్రభుత్వానుమతితో కేంద్రము నెలకొల్పి, ప్రపంచమందలి అమెచ్యూర్లతో సంభాషించుచుండిరి. 26వ తేదీన సునామి వచ్చి టెలిఫోనులు మూగవోయినప్పుడు, వారి రేడియోద్వారమున ద్వీపవాసుల క్షేమసమాచారములు బంధువులకు చేరెను. వారి ఏరియలు నిలిచినది స్వంతయింటిపై గాదు. బస చేసిన హోటలునందు. అది బహిరంగముగా నిలిచినది గనుకనే ఆపదవేళ అందఱికిని అక్కఱకు వచ్చినది. దాచిన ఏరియలున్నదని పొరుగువానికి తెలియనే తెలియదు. వాని యాపదలో నది యెట్లు తోడ్పడును?

ఇంటి యజమానులకు మా మనవి యొక్కటే: పిల్లవాడు వచ్చి తీగ కట్టుకొందునని యడిగినప్పుడు, వినకమునుపే కాదనకుడు. విద్యార్థులకు మా హితవును ఒక్కటే: తీగను ఎంత సన్నగనైనను లాగుడు, ఆకులచాటున నుంచుడు, దండెముగ మార్చుడు, కాని తీగ లాగుటకు మునుపు ఇంటివారి తలుపు తట్టుడు. వేలమైళ్ల యవతలివానితో మాటలాడ గోరువాడు క్రిందియంతస్తువారితో ఒక్కమాట చెప్పుటకు జంకనేల?