తూకానికి పోకముందే ఒక జీపు

పాత జీపు ఫొటో కావాలంటే మన రెండు రాష్ట్రాల్లో పెద్దగా వెతకనక్కర్లేదు. సెలవురోజు పొద్దున్నే హైదరాబాదు శివార్లలో కార్ల సరదా ఉన్నవాళ్లు కలిసే చోటికి వెళ్తే చాలు, నిగనిగలాడే జీపులు కనిపిస్తాయి. మెటాలిక్ ఎరుపు రంగు, ఒంటికి మించిన టైర్లు, ముందు కడ్డీకి వరసగా ఎల్‌ఈడీ దీపాలు. వాటిలో చాలా వరకు హర్యానాలోని మండీ డబ్వాలీలో కొత్తగా కట్టించి తెచ్చినవే. యజమానులు వాటిని ప్రేమగా చూసుకుంటారు, అడగ్గానే ఫొటోకు నిలబెడతారు. ఒక కార్ల పత్రిక పాత ఆఫ్‌రోడ్ బండి మీద ప్రత్యేక కథనం వేస్తూ ఫొటోలు నన్ను తీయమంది. సంపాదకుడు నమూనాగా పంపినవన్నీ అలాంటి బండ్లే. వాటిని తీయనని చెప్పాను. ఎందుకు వద్దన్నానో ఆయనకు ఫోనులో నాలుగు ముక్కల్లో చెప్పాను. ఇక్కడ వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది ఒక పత్రిక పేజీలతో తీరే విషయం కాదు.

నా మనసులో ఉన్నది సీజే-3బీ. విల్లీస్ కంపెనీ 1953లో తెచ్చిన మోడలు. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన జీపుకు ఇది వారసురాలు. చక్రాల మధ్య దూరం అదే ఎనభై అంగుళాలు, అద్దం అలాగే ముందుకు బానెట్ మీదికి మడవొచ్చు. ఇంజిన్ మాత్రం మారింది. కొత్త హరికేన్ ఇంజిన్‌లో గాలి లోపలికొచ్చే వాల్వులను పైన హెడ్డులోకి మార్చారు. దాంతో ఇంజిన్ ఎత్తు పెరిగింది, బానెట్ కూడా పైకి లేచింది. ఆ ఎత్తు బానెట్ చూసే మనవాళ్లు దూరం నుంచే జీపును పోల్చుకునేవాళ్లు. అమెరికాలో ఆ మోడలు 1968తో ఆగిపోయింది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లోనే బొంబాయిలో విల్లీస్ విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టిన మహీంద్రా ఆ రూపాన్ని అక్కడితో వదల్లేదు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఇక్కడ తయారుచేస్తూనే ఉంది. అందుకే ఆ ముఖం అమెరికా రైతు కంటే మన తహసీల్దారుకు, మన మలేరియా ఇన్‌స్పెక్టరుకు, మన ఎస్సైకి బాగా తెలుసు.

1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు వచ్చాయి. సమితి జీపు ఊళ్లోకి వస్తే పిల్లలు వెనక పరిగెత్తేవాళ్లు. 1980ల మధ్యలో మండలాలు వచ్చి సమితులు పోయాక కూడా పెద్దవాళ్లు చాలాకాలం ఆ బండిని సమితి జీపనే అన్నారు. ఊరికి విత్తనాల సంచీ, డీడీటీ పిచికారీ పంపు, బ్యాలెట్ పెట్టె, కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, అన్నీ దాని మీదే వచ్చాయి. రోడ్డు లేని ఊరికి ప్రభుత్వం అంటే చాలాకాలం ఆ జీపే.

మా నాన్న అవనిగడ్డ వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జీపు డ్రైవరు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో ఆ జీపు తిరిగిన తిరుగుడు ఆయన చివరిదాకా చెప్పేవాడు. రోడ్డు ఎక్కడుందో తెలియని చోట ముందు ఒక మనిషి కర్రతో నీళ్లు పొడుచుకుంటూ నడిచేవాడట. వెనక జీపు లో గేరులో అంగుళం అంగుళం కదిలేదట. పెద్ద గేరు రాడ్డు పక్కనే రెండు చిన్న రాడ్లుండేవి. ఒకటి ముందు చక్రాలకు కూడా ఇంజిన్ శక్తిని అందించడానికి, ఇంకొకటి లో గేరుకు. ఆ రెంటినీ ఏ క్షణంలో ఎలా లాగాలో తెలిసినవాడే డ్రైవరని నాన్న అనేవాడు. టీకా మందు పెట్టె తడవకుండా డాక్టరుగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారట. ఆ రోజుల్లో ఏ ఊరికి ఎప్పుడు వెళ్లారో, మీటరు ఎంత తిరిగిందో అన్నీ లాగ్ బుక్కులో ఉండేవి. నాన్న రాసేవాడు, డాక్టరుగారు సంతకం పెట్టేవారు. ఆ పుస్తకం ఇప్పుడు లేదు. జీపును వేలం వేసినప్పుడు పాత కాగితాలతో పాటు అదీ తూకానికి వెళ్లింది.

పత్రిక కోసం నేను మొదట వెతికింది అలాంటి ప్రభుత్వ జీపునే. దొరికింది కూడా. ఒక కార్యాలయం వెనక వేప చెట్టు కింద, ప్రహరీ గోడకు ఆనించి ఉంది. టాపు చివికిపోయింది, టైర్లు భూమిలోకి దిగిపోయాయి. తలుపు మీద శాఖ పేరు అక్షరాలు ఎండకు వెలిసిపోయినా చదవడానికి వీలుగానే ఉన్నాయి. నంబరు ప్లేటు మీద 1989కి ముందు నాటి మూడక్షరాల సిరీస్. బానెట్ మీద ఎవరో తెల్ల రంగుతో ‘కండెమ్’, అంటే ఇక పనికిరాదని, రాశారు. ఫొటో తీస్తానంటే గుమాస్తాగారు రాతపూర్వక అనుమతి కావాలన్నారు. అర్జీ పెట్టాను. అర్జీ ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు నడుస్తుండగానే బండిని వేలంలో పాత ఇనుము వ్యాపారి ఎత్తుకుపోయాడు. గుమాస్తాగారిని నేను తప్పుపట్టను. ఆయనకు అలాంటి బండిని ఫొటో తీయనివ్వాలో వద్దో చెప్పే కాగితం ఏదీ లేదు. తూకానికి అమ్మడానికి మాత్రం నిబంధనలన్నీ వరసగా ఉన్నాయి.

ఆ నిబంధనలు ఇటీవల మరింత గట్టిపడ్డాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు. వాటిని స్క్రాప్ కేంద్రాలకు పంపాల్సిందే. సైన్యం, శాంతిభద్రతల అవసరాలకు వాడే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉంది. పొగ కక్కే బండ్లు రోడ్ల మీద తిరగకూడదన్న ఉద్దేశంతో నాకు పేచీ లేదు. అంబులెన్సు బ్రేకులు పడకపోతే ఏమవుతుందో జీపు డ్రైవరు కొడుకుగా నాకు బాగా తెలుసు. కానీ రోడ్డు మీద తిరగకపోవడం వేరు, లోకంలోనే లేకుండా పోవడం వేరు. ఆ తేడాను పట్టించుకునే వాక్యం ఆ ఉత్తర్వుల్లో ఒక్కటీ లేదు.

పాత బండ్లను కాపాడటానికి ఇంకో నిబంధన ఉందిగా అని కొందరంటారు. ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటిన బండికి నంబరులో ‘వీఏ’ అక్షరాలిస్తారు. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, ఇంధనం పోయించుకోవడానికి రోడ్డెక్కొచ్చు. మంచి నిబంధనే. అయితే అందులో ఒక షరతుంది. బండి అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజిన్ వంటి వాటిలో పెద్ద మార్పేదీ జరిగి ఉండకూడదు.

ఈ షరతు రాజావారి కార్లకు సరిపోతుంది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. అది మొత్తం మీద కొన్ని వందల మైళ్లకు మించి తిరగలేదని చెబుతారు. తిరగని బండి అసలు రూపంలో ఉండటం సహజమే. ముప్పై నలభై ఏళ్లు అడవి దారుల్లో బతికిన జీపు అలా ఎలా ఉంటుంది? పెట్రోలు ధర పెరిగింది. హరికేన్ ఇంజిన్ తాగే పెట్రోలు పోయలేక యజమానులు డీజిల్ ఇంజిన్లు పెట్టించుకున్నారు. ఒకరు ట్రాక్టరు ఇంజిన్ పెట్టించారు, ఇంకొకరు మాటడార్ వ్యాను ఇంజిన్. విజయవాడ ఆటోనగర్‌లో బాడీ విప్పి, చాసిస్ కోసి, పొడుగు చేసి, వెనక బెంచీలు వేయించారు. కమాను కట్టల్లో ఇంకో పట్టీ పెంచారు. మన జీపు చరిత్ర అంటే ఈ మార్పులే. వాటిని తీసేసి తొంభై శాతం కొత్త రేకుతో అమెరికా జీపులా తయారుచేస్తే అది అందంగా ఉంటుందేమో గానీ మనది కాదు. మన దగ్గర బతికిన జీపును నిబంధన ‘మార్పు చేసిన బండి’ అని పక్కన పెడుతుంది. నిబంధన రాసినవాళ్లు ఈ సంగతి ఆలోచించి ‘పని బండ్లు’ అని ఒక తరగతి పెట్టాలి. పాతికేళ్లు, ముప్పై ఏళ్ల కిందట చేసిన మార్పు కూడా ఆ బండి వయసులో భాగమే.

యాభై ఏళ్ల గీత కూడా మన బండ్లకు చాలా దూరంలో ఉంది. మారుతి జిప్సీ వచ్చింది 1985లో. అది ఆ గీత దాటాలంటే 2035 రావాలి. ప్రభుత్వ జీపు పదిహేనో ఏటే పోతుంటే మిగతా ముప్పై అయిదేళ్లు దాన్ని ఎవరు, ఎక్కడ దాస్తారు?

చివరికి నా ఫొటోలు అహోబిలంలో దొరికాయి. అక్కడి నుంచి పావన నరసింహస్వామి దగ్గరికి నల్లమలలో జీపులు నడుస్తాయి. అది దారి అనడానికి ధైర్యం కావాలి. రాళ్లు, వేర్లు, వానాకాలంలో నడుమెత్తు గుంటలు. మామూలు కారు అక్కడ మొదటి మలుపు కూడా దాటదు. అక్కడే నాకు కావలసిన ఎత్తు బానెట్ కనిపించింది. ముందు భాగం సీజే-3బీ, వెనక పొడుగు చేసిన చాసిస్, లోపల మాటడార్ ఇంజిన్. మెర్సిడెస్ బెంజ్ డిజైను మీద మన దేశంలో తయారైన డీజిల్ ఇంజిన్ అది. డ్రైవరు యాభై దాటిన మనిషి, బండి ఆయనదే. కార్ల పత్రికలో ఫొటో వేస్తానంటే ముందు నమ్మలేదు.

“కొత్త బండ్లు ఇన్నుంటే దీన్నేం జేసుకుంటారు సార్?” అన్నాడు. నేను వివరించాక కాసేపు ఆలోచించి, “అట్లయితే రేపు పొద్దున రాండి. కడిగి తెస్తా” అన్నాడు.

కడగొద్దు, ఇలాగే కావాలి అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. “మురికి బండికి ఫొటో ఏంది సార్? శుక్రవారం శుక్రవారం పూజ చేసే బండి ఇది” అన్నాడు. ఆయన మాటే నెగ్గింది, నెగ్గాల్సిందే. పని బండి అంటే మట్టి కొట్టుకుని ఉండాలన్నది పట్నంలో కూర్చున్నవాళ్ల ఊహ. మరునాడు జీపు కడుక్కుని, బానెట్‌కు పసుపు కుంకుమ, బంపర్‌కు నిమ్మకాయలతో వచ్చింది. అడవిలోకి పోయిన కాసేపటికే మట్టి దానంతటదే అంటింది. మొదటి ఫొటోలో ఆయన గౌరవం, చివరి ఫొటోలో బండి పని రెండూ వచ్చాయి.

ఫొటోగ్రాఫర్లకు ఒక మాట. జీపు ముందు అద్దం సమతలంగా, దాదాపు నిలువుగా ఉంటుంది. ఎదురుగా నిలబడితే మీరే అందులో కనిపిస్తారు. యుద్ధంలో ఆ మెరుపు శత్రువుకు కనిపించకూడదని కూడా దాన్ని మడిచేవాళ్లు. పక్కకు జరిగి, మోకాలి ఎత్తు నుంచి తీయండి. నల్లమలలో ఎండ ఆకుల మధ్య నుంచి చుక్కలు చుక్కలుగా బానెట్ మీద పడుతుంది, ఆ చుక్కల్లో బండి ఆకారం పోతుంది. మబ్బు కోసం ఆగడం మంచిది. అన్నిటికన్నా నాకు నచ్చిన ఫొటోలో బండి మొత్తం కనిపించదు. నున్నగా అరిగిపోయిన క్లచ్ పెడల్, దాని పక్కన ఆయన చెప్పు లేని పాదం. దాన్ని వేస్తారో లేదో అనుకున్నాను. సంపాదకుడు రెండు పేజీల నిండా వేశారు.

ఇప్పుడు ప్రభుత్వాల సంగతి. విశాఖ బీచ్ రోడ్డులో ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి ఉంది. 2001లో నౌకాదళం నుంచి విరమించగానే దాన్ని ఒడ్డుకు లాగి, మరుసటి ఏడాదికల్లా మ్యూజియంగా తెరిచారు. తర్వాత దాని ఎదుట టీయూ-142 విమానాన్ని కూడా నిలబెట్టారు. జలాంతర్గామినే సముద్రం నుంచి ఇసుక మీదికి తేగలిగిన మనకు జిల్లాకొక జీపు నిలబెట్టడం పెద్ద పని కాదు. ఆరోగ్య శాఖది ఒకటి, అటవీ శాఖది ఒకటి, పోలీసులది ఒకటి, పంచాయతీరాజ్‌ది ఒకటి. ఇంజిన్ ఆడనక్కర్లేదు. రంగు వేయవద్దు. తలుపు మీద అక్షరాలు చెరపవద్దు. జిల్లా పరిషత్ ఆవరణలోనో, మెడికల్ కాలేజీ షెడ్డులోనో వానకు తడవకుండా ఉంటే చాలు.

జీపులన్నిటినీ దాచలేకపోతే ఇంకా తేలికైన పని ఒకటుంది. కండెమ్ చేసిన ప్రతి వాహనాన్ని వేలానికి ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయించాలి. ముందు, వెనక, రెండు పక్కలు, డ్యాష్‌బోర్డు, నంబరు ప్లేటు. లాగ్ బుక్కులను తూకానికి వేయకుండా రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పంపాలి. ఏ ఊరికి డాక్టరు తొలిసారి ఎప్పుడు వెళ్లాడో, ఏ వాగు దాటలేక ఎన్నికల సిబ్బంది వెనక్కి వచ్చారో ఆ పుస్తకాల్లో తప్ప ఇంకెక్కడా రాసి ఉండదు. దీనికి కొత్త శాఖ అక్కర్లేదు. వాహనాన్ని కండెమ్ చేసే ఫారంలో ఒక గడి పెంచితే సరిపోతుంది: ఫొటోలు తీశారా, లాగ్ బుక్కు ఎక్కడికి పంపారు. కలెక్టర్లు తలుచుకుంటే ఒక్క సర్క్యులర్‌తో అయ్యే పని.

ఆ గడి వచ్చేదాకా మనలాంటివాళ్లు చేయగలిగింది ఉంది. వేలం వేసే చోట నోటీసు సాధారణంగా ఆఫీసు బోర్డు మీద ముందుగానే అంటిస్తారు. స్థానిక పత్రికల్లోనూ వేస్తారు. బండ్ల నంబర్లు, మోడల్ సంవత్సరం అందులో ఉంటాయి. పాటకు ముందు బండ్లను చూసుకోవడానికి మామూలుగా రానిస్తారు. ఆ రోజు అనుమతి అర్జీ అక్కర్లేదు, కెమెరా తీసుకెళ్లండి.