చేను చెప్పే అలంకారం

తెనాలిని ‘ఆంధ్రా ప్యారిస్’ అంటాం. ప్యారిస్ లాంటిది అంటే ఉపమ, ప్యారిసే అంటే రూపకం. ఈ ఒక్క మాటతో పిల్లలకు రెండు అలంకారాల తేడా పట్టుబడుతుంది. మన తరగతులు మాత్రం ఇంకా చంద్రబింబం లాంటి ముఖం దగ్గరే ఉన్నాయి. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు పేర్లు వల్లె వేయించి, లక్షణం రాయించి, మార్కులు వేసేస్తున్నాం. రేపల్లె పల్లెల్లో వరి రైతు ‘చేను పొట్టకొచ్చింది’ అంటాడు, కొన్నాళ్లకు ‘ఈనింది’ అంటాడు, ఆపైన ‘గింజ పాలు పోసుకుంది’ అంటాడు. పైరును చూలాలిగా, తల్లిగా చూసిన మాటలివి. ఎంత పెద్ద కల్పన! ఆ ఇంటి పిల్లవాడు దాన్ని వింటూనే పెరుగుతాడు, అది కవిత్వమని అతనికి ఎవరూ చెప్పరు. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయనే పిల్లకు జాతీయం కొత్తగా నేర్పాలా? బాపట్ల పిల్లల్ని సూర్యలంక ఒడ్డుకు తీసుకెళ్లి, అల దేనిలా ఉందో ఒక్కొక్కరినీ అడగాలి. పుస్తకంలో లేని పోలిక చెప్పినవాళ్లకే ఎక్కువ మార్కులు పడాలి. తెలుగు మాస్టార్లూ, లక్షణం తర్వాత చెప్పండి. ముందు మీ పిల్లల నోటి మాట వినండి.