క్రిస్మస్ తాత లెక్కలు అడగకూడదు



డిసెంబరు వచ్చిందంటే మా పిల్లల వార్డులో రంగు కాగితాల నక్షత్రం కడతాము. కిటికీ పక్కన పశువుల పాక పెడతాము. ఒక సాయంత్రం క్రిస్మస్ తాత వేషంలో ఒకరు వచ్చి పిల్లలకు బొమ్మలు పంచుతారు. "రక్షకుని జననం గురించి చెప్పాలి గాని, ఈ ఎర్ర చొక్కా తాత ఎందుకమ్మా?" అని సంఘ పెద్దలు కొందరు నన్ను అడుగుతుంటారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. అయినా నా అభిప్రాయం వేరు.

నా చిన్నతనంలో మా నాన్నగారు వెదురు బద్దలు చీల్చి నక్షత్రం కట్టేవారు. మైదా జిగురుతో కాగితం అంటించడం పిల్లల పని. లోపల దీపం వెలగగానే ఏ మతం పిల్లలైనా మా గుమ్మం ముందు చేరేవారు. అరిసెల వాసన, కొత్త గౌను, అర్ధరాత్రి హార్మోనియంతో వచ్చే క్యారల్స్ వాళ్ళు, తెల్లవారి ఆరాధన. వీటిలో ఏది భక్తో, ఏది సరదాయో మాకు తెలియదు. అన్నీ కలిస్తేనే క్రిస్మస్. నా విశ్వాసం ఆ ఆశ్చర్యంలోనే మొలకెత్తింది.

సంఘ చరిత్రలోనూ ఈ కలయిక ఉంది. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ నిజమైన ఎద్దును, గాడిదను తెప్పించి, తొట్టెలో గడ్డి వేయించి క్రీస్తు జననాన్ని జనానికి కళ్ళకు కట్టినట్టు చూపించాడు. సువార్తల్లోని జనన వృత్తాంతంలో ఎద్దు, గాడిద లేవు. అయినా అవి లేని పశువుల పాకను ఇప్పుడు మనం ఊహించలేము. క్రిస్మస్ తాత వెనుక ఉన్నది కూడా ఒక బిషప్పే. నాలుగో శతాబ్దంలో, నేటి టర్కీలోని మైరా పట్టణంలో ఉన్న నికొలస్. ఒక పేద తండ్రి ఇంట్లో రాత్రివేళ రహస్యంగా డబ్బు వేసి వెళ్ళాడని ఆయన గురించి చెప్పుకుంటారు.

కాబట్టి ఎర్ర చొక్కాతో నాకు పేచీ లేదు. "మంచి పిల్లలకే తాత బహుమతి ఇస్తాడు" అనే మాటతోనే నా పేచీ.

కొన్నేళ్ళ క్రితం చెట్టెక్కి పడి చెయ్యి విరిగిన ఏడేళ్ళ బాబు మా వార్డులో ఉన్నాడు. తాత రాగానే "మంచి పిల్లలెవరు? చేతులెత్తండి" అన్నాడు. ఆ మాట చెప్పమన్నది నేనే. అందరూ కేకలు వేస్తుంటే ఈ బాబు గోడవైపు తిరిగి పడుకున్నాడు. దగ్గరకెళ్ళి అడిగితే, "నేను అమ్మ మాట వినలేదు సిస్టరమ్మా. అందుకే దేవుడు చెయ్యి విరగ్గొట్టాడు. నాకేమీ ఇవ్వడు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. "అల్లరి చేస్తే సిస్టర్ సూది వేస్తుంది" అని పిల్లల్ని బెదిరించవద్దని తల్లులకు రోజూ చెప్పేదాన్ని నేనే కదా! జబ్బుపడిన పిల్లలు తమ తప్పు వల్లే ఇదంతా వచ్చిందని అనుకోవడం మేము తరచు చూస్తాము. అటువంటి భయంతో కొందరు నొప్పి ఉన్నా చెప్పరు.

గొర్రెల కాపరులకు శుభవార్త చెప్పిన దూత వారి మంచిచెడ్డలు అడగలేదు. మా తాత కూడా ఇప్పుడు ఏమీ అడగడు. ప్రతి మంచం దగ్గరకూ వెళతాడు.

తల్లిదండ్రులకు నా మనవి. జబ్బు దేవుడు వేసిన శిక్ష కాదని మీ బిడ్డకు నోరు తెరిచి చెప్పండి. కాగితపు నక్షత్రంలో కొవ్వొత్తి పెట్టకండి, బల్బు పెట్టండి. పగిలిన బెలూన్ ముక్కలు పసిపిల్లల గొంతుకు అడ్డుపడతాయి, వెంటనే ఏరేయండి. వార్డులో కేకు, మిఠాయిలు పంచే ముందు సిస్టర్‌ను అడగండి.

ఆ సాయంత్రం బాబు ఎడమ చేతిలో ఒక బొమ్మ బస్సు పెట్టాను. కాసేపు దాన్నే చూసి, "మళ్ళీ చెట్టెక్కినా ఇస్తాడా?" అన్నాడు. "ఇస్తాడు నాన్నా. నువ్వు మాత్రం ఎక్కకు" అన్నాను.

మీ అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.

- నర్సింగ్ సూపరింటెండెంట్