పగలగొట్టమని చెప్పకండి

కొత్త కంప్యూటరులో డెబియన్ స్థాపించుకొని, పైథాన్ లైబ్రరీ ఒకటి కావాలని పిప్‌ను పిలిచానో లేదో, ఈ పరిసరం నిర్వహణ బయటివారి చేతిలో ఉన్నదంటూ అది తలుపు వేసేసింది. ఎవరిని కదిపినా ఒకటే ఉపదేశం: “ఆదేశం చివర ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ అని తగిలించండి, పనైపోతుంది.” నా తగవంతా ఈ ఉపదేశంతోనే.

వ్యవస్థను విరగ్గొట్టమని పేరులోనే ఉన్నది కదండీ! డెబియన్, ఉబుంటులలో వ్యవస్థకు చెందిన పనిముట్లు కొన్ని పైథాన్‌లోనే వ్రాసినవి. వాటికి కావలసిన లైబ్రరీని ఆప్ట్ ఒక వెర్షన్‌లో నిలిపి ఉంచుతుంది. పిప్ మరొక వెర్షన్ తెచ్చి దానికి అడ్డంగా నిలబెడుతుంది. ఒకే ఇంటికి ఇద్దరు పెద్దలు. ఈ రభస తీర్చడానికే పెప్ 668 వచ్చింది. 2023లో డెబియన్ 12 దానిని అమలులో పెట్టింది. అంటే ఆ తలుపు మన మేలు కోరి వేసినదే.

మందు కొత్తదేమీ కాదు. 2007లో ఇయాన్ బికింగ్ వర్చువల్‌ఎన్వ్ చేశాడు. 2012లో పైథాన్ 3.3తో వెన్వ్ భాషలోనే భాగమయింది. దీనిని ‘మిథ్యా పరిసరం’ అనడానికి నాకు మనసొప్పదు. అందులో మిథ్య ఏమున్నది? డిస్కు మీద ఉండే మామూలు ఫోల్డరే. వేరు కాపురం అనుకుంటే సరిపోతుంది.

అవతలివారి మాటలోనూ కొంత న్యాయం ఉన్నది. డెబియన్ వెన్వ్‌ను ‘పైథాన్3-వెన్వ్’ అనే విడి ప్యాకేజీగా ఉంచింది. ఆ సంగతి తెలియని కొత్తవాడు పరిసరం కట్టబోతే ‘ఎన్ష్యూర్‌పిప్’ లేదని ఇంకో చీవాటు తింటాడు. దీనిని నేను సమర్థించను. కానీ ఒక్క ఆప్ట్ ఆదేశంతో తీరే ఇబ్బందికి ఇల్లు కూల్చుకుంటామా?

ఇంత కోపం ఎందుకంటే, పాత యంత్రంలో నేనూ అదే పని చేశాను. పాత ఫాంట్లలో టైపు చేసి పెట్టుకున్న కథలను యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాము ఒకటి వ్రాసుకున్నాను. దానికి కావలసినవన్నీ సర్వాధికారంతో వ్యవస్థలోకే కుమ్మరించాను. ఏవి తెచ్చానో, ఏ వెర్షన్ తెచ్చానో ఎక్కడా వ్రాసుకోలేదు. ఒకనాడు ఆ యంత్రం పోయింది. ప్రోగ్రాము మిగిలింది గానీ, అది వేటి మీద నిలబడి నడిచేదో ఊహించడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

పరిసరం ఫోల్డరును ఎత్తుకుపోయి కొత్త యంత్రంలో పెడితే చాలదా అని ఒక మిత్రుడు అడిగాడు. చాలదు. లోపలి స్క్రిప్టులలో పాత చోటి పూర్తి చిరునామా వ్రాసి ఉంటుంది. మోసుకుపోవలసింది ఫోల్డరును కాదు, ‘పిప్ ఫ్రీజ్’ ఇచ్చే జాబితాను.

నా జాబితా పదకొండు పంక్తులు. నిన్న కావాలనే పరిసరాన్ని చెరిపివేసి, దానిని చూసి మళ్ళీ కట్టాను. కాఫీ చల్లారేలోపు మొదటి కథ, వత్తులతో సహా, తెరమీదికి వచ్చింది.