పది రోజుల పందెం... ఏడాదంతా చాకిరీ

'కుక్కల పందేలా? మనకెందుకండీ ఆ గోల!' అని పేజీ తిప్పేయకండి. మంచుమీద కుక్కలు బండి లాగే ఈ పందేల్లో ఆలోచన ఒక ఆడమనిషిది. లోకం నోరు మూయించిన గెలుపు ఇంకో ఆడమనిషిది. వచ్చినవాళ్లకి వండి వడ్డించే చేతుల్లోనూ ఆడవాళ్ల చేతులే ఎక్కువ. అందుకని దీని మంచిచెడ్డలు మన పేజీలో మాట్లాడుకోవడమే న్యాయం.

మంచు దేశాల్లోని చిన్న ఊళ్ల కష్టం మన పల్లెల కష్టానికి చుట్టమే. గనులు మూతపడతాయి. చదువుకున్న పిల్లలు పట్నం దారి పడతారు. నెలల తరబడి కప్పేసే మంచు ఉన్న కాస్త పనీ ఆపేస్తుంది. అలాంటిచోట 'మన దగ్గర ఇంకేం ఉంది?' అని వెతుక్కుంటే మిగిలేవి మూడే: మంచు, అడవి, కుక్కలు. ఆ మూడింటినీ కలిపి పందెం పెడితే చూడ్డానికి జనం వస్తారు, ఊళ్లో నాలుగు డబ్బులు తిరుగుతాయి అన్నది ఆశ. నార్వే ఉత్తరపు కొసన ఆల్టా అనే ఊళ్లో 1981లో మొదలైన ఫిన్‌మార్క్స్‌లోపెట్ ఇప్పుడు దాదాపు 1,200 కిలోమీటర్ల పందెం. ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల్లోని కొన్ని మంచు విడిదుల్ని కలుపుతూ 2005లో 'లా గ్రాండ్ ఒడిస్సీ' మొదలైంది. వీటన్నిటికంటే పేరు మోసింది అలాస్కాలోని ఇడిటరాడ్.

పల్లెకి పర్యాటకులు రావాలి, దానికి సౌకర్యాలు కావాలి అంటే నేను కాదనను. కానీ సౌకర్యం అనగానే మనవాళ్లకైనా, ఎక్కడివాళ్లకైనా ముందు గుర్తొచ్చేది స్వాగత తోరణం, కూర్చునే మెట్లు, కార్లు ఆపుకునే మైదానం. నా మాట వేరే. పందెం పది రోజులు, కుక్కలకి తిండి 365 రోజులు. సౌకర్యమనేది ఆ మిగిలిన 355 రోజులకి కావాలి. అది లేకుండా పందెం పెట్టడం, పొయ్యి లేని ఇంట్లో పెళ్లి పిలుపులు పంచినట్టే.

ఆడవాళ్లు వేసిన దారి

1925 జనవరిలో అలాస్కా పడమటి తీరాన నోమ్ అనే ఊళ్లో పిల్లలకి డిఫ్తీరియా సోకింది. అదేనండీ, మనం పిల్లలకి ట్రిపుల్ యాంటిజెన్ టీకా వేయించి తప్పించుకుంటున్న కంఠసర్పి. విరుగుడు మందు రైల్లో నెనానా దాకా వచ్చి ఆగింది. అక్కణ్నుంచి రైలు లేదు, రోడ్డు లేదు. సుమారు 20 మంది తోలరులు, 150 కుక్కలు ఒకరి తర్వాత ఒకరుగా ఆ మందు అందుకుని, 1,080 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని అయిదున్నర రోజుల్లో దాటించారు. కుక్కల బండి అంటే అక్కడ విలాసం కాదు. అంబులెన్సూ అదే, పోస్టు బండీ అదే.

1960లు వచ్చేసరికి మంచుమీద నడిచే మోటారు బళ్లొచ్చాయి. ఇంటింటా ఉండే కుక్కలు మాయమవడం మొదలైంది. అలాస్కాని అమెరికా కొని నూరేళ్లు నిండే సందర్భంగా వసిల్లా-నిక్ ప్రాంతపు శతజయంతి సంఘాన్ని నడిపిస్తున్న డరతీ పేజ్ అనే ఆవిడకి ఓ ఆలోచన వచ్చింది. మరుగున పడ్డ ఇడిటరాడ్ బాటమీద కుక్కల బళ్ల పందెం పెడితే పాత దారీ బతుకుతుంది, కుక్కలూ బతుకుతాయి అని. జో రెడింగ్టన్ అనే తోలరి తోడయ్యాడు. చిన్నగా మొదలైన ఆ పందెం 1973 నాటికి నోమ్ దాకా 1,600 కిలోమీటర్ల యాత్ర అయింది. మొదటిసారి గెలిచినాయనకి 20 రోజులు పట్టింది. ఇప్పుడు గెలిచేవాళ్లు తొమ్మిది, పది రోజుల్లో చేరుకుంటున్నారు.

ఈ పందెంలో ఆడవాళ్లకి వేరే వరస లేదు. అదే దూరం, అదే చలి, అదే బహుమతి. 1974లో మేరీ షీల్డ్స్ చివరిదాకా వెళ్లిన మొదటి మహిళ. ఆవిడ వెనకే లాలీ మెడ్లీ చేరుకుంది. 1985లో షక్టూలిక్ అనే ఊరిదగ్గర మంచు తుపాను పట్టుకుంది. అందరూ ఆగిపోతే లిబ్బీ రిడిల్స్ ఒక్కతే కుక్కల్ని నమ్ముకుని గడ్డకట్టిన సముద్రం మీదికి బండి తోలింది. గెలిచింది. ఆ తర్వాత సూసన్ బుచర్ 1986, 87, 88, 90 సంవత్సరాల్లో నాలుగుసార్లు గెలిచింది. అలాస్కాలో మగవాళ్లు మగవాళ్లే గానీ ఇడిటరాడ్ గెలిచేది ఆడవాళ్లు అంటూ జనం బనీన్లమీద అచ్చేయించుకుని మరీ తిరిగారు!

బలం కండల్లోనే ఉంటే ఇది సాధ్యమయ్యేది కాదు. ఏ కుక్కకి ఆకలి తగ్గింది, ఏది కుంటుతోంది, ఏది ఎవరి పక్కన ఉంటే దిగులు లేకుండా పరిగెడుతుంది అని కనిపెట్టి చూసుకోవడంలో ఉంది కిటుకు. పదిమంది ఉన్న ఇంట్లో ఎవరు అన్నం సగం వదిలేసి లేచారో చెప్పగల ఇల్లాలికి ఈ సంగతి నేను వివరించక్కర్లేదు.

ఖర్చు ఎక్కడుంది?

ఒక బండికి పదహారు దాకా కుక్కలు కడతారు. అంత జట్టు నిలవాలంటే పెరట్లో పాతిక, ముప్ఫై, ఇంకా ఎక్కువ కుక్కల్ని సాకాలి. పందెం రోజుల్లో ఒక్కో కుక్కకి రోజుకి సుమారు 10,000 కేలరీల తిండి కావాలి. మనలో ఒకరు నాలుగైదు రోజులు తినేదన్నమాట! మాంసం, కొవ్వు, చేపలు మూటలు కట్టి ముందే ఊరూరా మజిలీలకి పంపుకోవాలి. మంచు కోసుకోకుండా ప్రతి కాలికీ మేజోడు తొడగాలి. పదహారు కుక్కలైతే 64 మేజోళ్లు. అవి చిరుగుతాయి, మార్చాలి, మళ్లీ తొడగాలి. పడుకోవడానికి గడ్డి పరవాలి. మజిలీల్లో పశువుల డాక్టర్లుండాలి. అలసిన కుక్కని బండినుంచి విప్పి విమానంలో వెనక్కి పంపాలి. నియమం ప్రకారం దారిలో ఒకచోట 24 గంటలు, మరో రెండుచోట్ల ఎనిమిదేసి గంటలు ఆగాల్సిందే.

ఇంత చేసినా ఆపదలు తప్పడంలేదు. 2024 పందెంలో మూడు కుక్కలు చచ్చిపోయాయి. ఈ పందేలే వద్దని జంతు ప్రేమికులు ఏళ్లతరబడి పోరాడుతున్నారు. వాళ్ల బాధని కొట్టిపారెయ్యలేం. పందెం నడిపేవాళ్లు దానికి జవాబు చెప్పాల్సింది ప్రకటనలతో కాదు, డాక్టర్లతో, విశ్రాంతితో, లెక్కల పుస్తకం తెరిచి చూపించడంతో.

దారి భద్రత సంగతీ అంతే. 2016లో ఎలీ జర్కిల్ అనే మహిళా తోలరి రాత్రిపూట వస్తుంటే ఒక మనిషి మంచు మోటారు బండితో ఆమె జట్టుమీదికి పదేపదే దూసుకొచ్చాడు. అదే దారిలో వెనక వస్తున్న మరొకరి జట్టుని కూడా గుద్దడంతో ఓ కుక్క ప్రాణం పోయింది. ఒంటరిగా బండి తోలే ఆడమనిషికి అడవి భయం లేదు, తోడేలు భయం లేదు, తాగి బండి నడిపేవాడి భయం మాత్రం ఉందన్నమాట! తోరణాలకి పెట్టే ఖర్చులో కొంత దారి కాపలాకి పెడితే ఏం పోయింది?

ఓడ మల్లయ్య, బోడి మల్లయ్య

పర్యాటకుల్నే నమ్ముకుంటే ఏమవుతుందో కెనడాలోని విస్లర్ చెప్పింది. 2010 ఫిబ్రవరిలో వాంకూవర్ శీతాకాలపు ఒలింపిక్స్ జరిగాయి. మంచు పోటీలు చాలావరకు విస్లర్లోనే. కుక్కల బళ్లెక్కి తిరగాలని జనం విరగబడ్డారు. ఆటలైపోయాయి, గిరాకీ పడిపోయింది. ఆ ఏప్రిల్లో ఒక సవారీ వ్యాపార సంస్థలో 'ఎక్కువైన' కుక్కల్ని చంపేశారు. ఆ పని చేసిన ఉద్యోగి మనసు చెదిరిపోయి నష్టపరిహారం కోరితే, ఆ కాగితాల ద్వారా 2011 జనవరిలో సంగతి బయటపడింది. తవ్వి తీస్తే 56 కళేబరాలు దొరికాయి. దేశం మొత్తం అదిరిపోయింది. ఆ తర్వాతే బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం జంతుహింస చట్టాన్ని గట్టిచేసింది. 2012లో బండి కుక్కల సంరక్షణకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఒలింపిక్స్ కోసం ఎన్ని గదులు, ఎన్ని రోడ్లు, ఎన్ని కుర్చీలు కావాలో ముందే లెక్కలు వేసుకునే లోకం, ఆ కుక్కల ముసలితనానికి ఎంత కావాలో మాత్రం లెక్క వెయ్యలేదు. నన్నడిగితే అసలు సౌకర్యం అదే: పందెం మానేసిన కుక్కకి నీడ, తిండి, పెంచుకునే ఇల్లు.

మంచే రాకపోతే?

ఇంకో చిక్కు ఆకాశంలోంచి దిగింది. దారిలో సరిపడా మంచు లేక ఇడిటరాడ్ మొదలుపెట్టే చోటుని 2003లో, 2015లో, 2017లో, 2025లో ఉత్తరాన ఫెయిర్‌బ్యాంక్స్‌కి మార్చుకోవాల్సి వచ్చింది. 2016లోనైతే యాంకరేజ్ వీధుల్లో పరవడానికి రైల్లో మంచు తెప్పించుకున్నారు! మినిసోటా రాష్ట్రంలోని జాన్ బేర్‌గ్రీస్ పందేన్ని 2024లో మంచు లేక రద్దే చేసుకున్నారు. అలాంటప్పుడు ఒకే పందెం కోసం అప్పుచేసి కాంక్రీటు కట్టడాలు లేపితే ఆ ఊరి గతేమిటి?

దీనికి ఉపాయం కూడా అక్కడే ఉంది. అలాస్కాలో చాలామంది తోలరులు ఎండాకాలంలో కుక్కల్ని చక్రాల బళ్లకి కట్టి నడిపిస్తారు. వచ్చినవాళ్లకి తమ కుక్కల పెరడు చూపిస్తారు. కూనల్ని చేతికిచ్చి ఎలా పెంచుతారో చెబుతారు. పందెం పది రోజులే, పెరడు మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది. ఆదాయం కూడా పెరడు చుట్టూ అల్లుకుంటే ఒక ఏడాది మంచు మొహం చాటేసినా ఇంట్లో పొయ్యి ఆరదు.

వంటింటి పద్దు ఏది?

తకోత్నా అని అలాస్కా అడవిలో ఓ బుల్లి ఊరు. వేడి భోజనానికీ, పళ్లు కూరి కాల్చే 'పై' అనే తీపి వంటకానికీ ఆ ఊరు పందెగాళ్లలో పేరు మోసింది. ఆ రుచికోసమే చాలామంది తమ 24 గంటల విశ్రాంతి అక్కడ తీసుకునేవారు. ఇడిటరాడ్ అంతా ఇలా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లమీదే నడుస్తుంది. అది గొప్ప సంగతే. ఇంటికొచ్చినవాడికి అన్నం పెట్టి డబ్బడగడం ఏ దేశపు ఇల్లాలికీ చేతకాదు.

అయితే ఒకటి. పర్యాటకం పేరుతో విమాన కంపెనీకి, హోటలుకి, ప్రకటనలిచ్చేవాళ్లకి ఆదాయం వస్తున్నప్పుడు పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్లకి మాత్రం 'థాంక్స్' ఒక్కటే మిగిలితే దాన్ని అభివృద్ధి అనగలమా? ఊరు మురిపెంగా చేసే ఆతిథ్యం వేరు, పర్యాటక పథకం వేరు. పథకమన్నాక అందులో వంటింటికీ ఒక పద్దు ఉండాలి. కట్టెలకీ, సరుకులకీ, నిద్ర మానుకున్న రాత్రులకీ లెక్క ఉండాలి.

ఊరి మాట కూడా వినాలి. 2020లో కరోనా భయం మొదలైనప్పుడు కొన్ని ఊళ్లు పందేన్ని తమ ఇళ్లమధ్యకి రావద్దన్నాయి. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో అలాస్కా పడమటి తీరపు పల్లెలు శ్మశానాలైన సంగతి అక్కడివాళ్లు మరచిపోలేదు. 2021లో నిర్వాహకులు ఆ ఊళ్ల జోలికి పోకుండా దారే మార్చేశారు. పేరున్న పందెం ఊరికోసం పక్కకి తప్పుకుంది. పర్యాటకమంటే అలా ఉండాలి. ఊరికి తలుపు వేసుకునే హక్కు కూడా ఉండాలి.

అందుకే ఇలాంటి పందెం ఎక్కడ తలపెట్టినా తోరణానికి కొబ్బరికాయ కొట్టేముందు అడగాల్సినవి నాలుగే ప్రశ్నలు. కుక్కలకి ఏడాదంతా తిండి, డాక్టరు, ముసలితనంలో నీడ ఎవరి పూచీ? మంచు రాని ఏడు ఊరికి ఆదాయం ఎలా? వండేవాళ్లకి, మజిలీల్లో కాపలా కాసేవాళ్లకి కూలి ఎంత? ఊరు వద్దంటే ఆగే ధైర్యం ఉందా? వీటికి జవాబుంటే పందెం పెట్టుకోండి, పదిమందినీ పిలవండి. జవాబు లేకపోతే ఎన్ని మెట్లు కట్టినా అది ఊరికి వచ్చే ఆదాయం కాదు, ఊరిమీద పడే అప్పు.

సంక్రాంతికి ఎద్దులతో బండ లాగించే మన పల్లెల్లోనూ పందెం రోజున ఎద్దుకి దండ వేస్తారు, ఫోటో తీస్తారు. మర్నాడు పొద్దున్నే దాని ముందు కుడితి పెట్టేది ఎవరో మనకి తెలుసు. అలాస్కా అయినా, ఒంగోలు అయినా దండ వేసేవాళ్ల కంటే కుడితి పెట్టేవాళ్ల మాటకే ముందు విలువ ఇవ్వాలి. సభలో మన మాట ఎవరూ అడగకపోతే, మనమే లేచి చెప్పాలి.