బంతియాటయు మహారణ్యమును

యువజనుల హృదయమును మిక్కిలిగా ఆకర్షించునవి రెండు కలవు. ఒకటి ఆట, రెండవది దూరదేశ ప్రయాణము. ఈ రెండును ఒక్కమారే లభించెనా, వారి సంతోషమునకు మేర యుండదు. అంతర్జాతీయ ఫుట్‌బాలు పోటీలు జరుగు దేశములకు ప్రేక్షకులై వెళ్లువారు, ఒక మ్యాచికిని మరియొక మ్యాచికిని నడుమ దొరకు దినములలో అచ్చటి అడవులను, నదులను చూచివచ్చు ఆచారము మన కాలమున ప్రబలినది. ఇట్టి యాత్ర విద్యయా, విలాసమా యని తల్లిదండ్రులు అడుగుచున్నారు. ఆట చూడబోయినవారికి అడవితో నేమి పని యని కొందరు. అంత దూరము పోయి అడవి చూడక మరలుట అవివేకమని కొందరు. మా అభిప్రాయమును ముందుగనే మనవి చేయుచున్నాము. ఆటయు అడవియు కలిసిన యాత్ర మంచిదే. అయితే యాత్రికుడు అడవిలోనికి వినోదమును కొనువాడుగా గాక, ఋణస్థుడుగా అడుగు పెట్టవలెను. ఆ ఋణ మెట్టిదో వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

దృష్టాంతముగా 2014వ సంవత్సరమున బ్రెజిల్ దేశములో జరిగిన ప్రపంచ కప్పు పోటీలను తీసికొందము. అవి 12 నగరములలో జరిగెను. వానిలో మనౌస్ ఒకటి. ఈ నగరము అమెజాన్ మహారణ్యమునకు నట్టనడుమ, రియో నెగ్రో, అనగా నల్లనది, ఒడ్డున, సముద్రమునకు సుమారు 1,500 కిలోమీటర్ల దూరమున నున్నది. దేశపు దక్షిణభాగమునుండి అచ్చటికి పోవలెనన్న విమానమైనను ఎక్కవలెను, పడవయైనను ఎక్కవలెను. దక్షిణమునకు పోవు రాజమార్గములో వందలకొలది కిలోమీటర్లు మట్టిబాటయే.

అచ్చట నాలుగు మ్యాచీలు జరిగెను. అంతకు ముందటి డిసెంబరు మాసమున ఇంగ్లాండు జట్టు శిక్షకుడైన రాయ్ హాడ్జ్‌సన్, ఆ నగరపు ఉక్కను తలచి, అచ్చట ఆడవలసిన అవసరము రాకున్న మేలనెను. నగరాధ్యక్షుడు నొచ్చుకొని గట్టిగానే ప్రత్యుత్తర మిచ్చెను. తుదకు చీటీలు తీయగా ఇంగ్లాండునకు వచ్చినది మనౌసే! జూన్ 14వ తేదీన ఆ జట్టు ఇటలీ చేతిలో 2-1 గోళ్ల తేడాతో ఓడెను. జూన్ 22వ తేదీన అమెరికా, పోర్చుగల్ జట్లు తలపడినపుడు ఉక్క ఎంతగా నుండెననగా, ఆట నడుమ నిలిపి ఆటగాండ్రకు నీరు త్రాగించవలసి వచ్చెను. అమెరికా గెలిచినదే యని అందరును తలచుచుండ, అదనపు సమయము ముగియబోవు క్షణమున పోర్చుగల్ గోలు చేసి 2-2గా సరిపుచ్చెను.

ఈ మ్యాచీల నడుమ దినములలో విదేశీయులు అనేకులు పడవలెక్కి నదులమీదికి పోయిరి. వారు తప్పక చూచు వింత యొకటి కలదు. కుళ్లిన ఆకుల సారముచే నల్లనైన రియో నెగ్రోయు, ఆండీస్ కొండల ఒండ్రుమట్టిచే గోధుమవర్ణమైన సొలిమోయిస్ నదియు మనౌస్ సమీపమున కలిసికొనును. కాని రెంటి వేగమును, వేడియు, సాంద్రతయు వేరగుటచే సుమారు 6 కిలోమీటర్ల మేర అవి కలియక ప్రక్కప్రక్కనే పారును. చాలమంది యాత్రికుల మనస్సును ఇట్టిదే. ఆట ఒక ప్రక్క, అడవి ఒక ప్రక్క. రెంటికిని సంబంధ మేమో వారు విచారింపరు. ఆ సంబంధము మాత్రము గట్టిది.

పూర్వకాలమున ఫుట్‌బాలు లోపల ఊదబడునది పంది మూత్రాశయము. 19వ శతాబ్దపు నడిభాగమున దానికి బదులుగా రబ్బరు తిత్తిని అమర్చు ఉపాయము వచ్చెను. బంతికి సమమైన గుండ్రదనమును, నమ్మదగిన ఎగురుటయు అబ్బినది అప్పుడే. ఆ కాలమున లోకమునకు రబ్బరు ముఖ్యముగా అమెజాన్ అడవి చెట్ల పాలనుండియే లభించుచుండెను. మనౌస్ నగరము ఆ పాలతోనే ధనవంతమయ్యెను. 1896లో తెరువబడిన అచ్చటి నాటకశాల నేటికిని ఆ వైభవమునకు సాక్షి. 1876లో హెన్రీ విక్‌హామ్ అను ఆంగ్లేయుడు సుమారు 70,000 రబ్బరు గింజలను లండనులోని క్యూ తోటకు చేర్చెను. అచ్చట మొలచిన మొక్కలు సింహళమునకును మలయాకును పోయి తోటలయ్యెను. మనౌస్ ఐశ్వర్యము కరగిపోయెను. ఈ చరిత్రలో కన్నీరును కలదు. పుటుమాయో నదీప్రాంతమున రబ్బరు కొరకు ఆదివాసులను కొట్టి, ఆకలికి మాడ్చి, చంపిన వృత్తాంతమును రోజర్ కేస్‌మెంట్ అను బ్రిటిషు ఉద్యోగి విచారించి వ్రాయగా, అది 1912లో ప్రకటింపబడి లోకమును కలవరపరచెను. బంతిని తన్ను ప్రతి బాలుడును ఎరుగవలసిన సంగతి యిది.

రెండవ ఋణము వర్షము. అమెజాన్ అడవి లోకమునకు ఊపిరితిత్తులవంటిదని వాడుక. ఈ మాట పూర్తిగా సరికాదు. ఆ అడవి విడుచు ప్రాణవాయువును దాదాపు అంతయు తానే తిరిగి వాడుకొనును. దాని నిజమైన ఉపకారములు వేరు: అది అంగారమును తన కాండములలోను, నేలలోను దాచియుంచును, వేళ్లతో పీల్చిన నీటిని ఆకులద్వారా ఆవిరిగా ఆకాశమునకు పంపును. ఆ ఆవిరి గాలివెంట దక్షిణమునకు సాగి వానగా కురియును. శాస్త్రజ్ఞులు దీనిని ఎగురు నదులని పిలుచుచున్నారు. దక్షిణ బ్రెజిలులో పంట పండుటకును, ఆటస్థలముల పచ్చిక పెరుగుటకును ఈ అడవియే కొంత కారణము.

మూడవ ఋణము మనుష్యులకు. మనౌస్‌లో క్రొత్త క్రీడారంగమును అచ్చటివారు అల్లు బుట్ట ఆకారమున, సుమారు 40 వేలమంది కూర్చుండునట్లుగా, 30 కోట్ల డాలర్లకు సమీపమైన వ్యయముతో నిర్మించిరి. చూపునకు అది రమ్యమే. కాని ఆ పనిలో 2013, 2014 సంవత్సరములందు కనీసము ముగ్గురు కూలివారు ప్రాణములు కోల్పోయిరి. నాలుగు మ్యాచీల పిమ్మట లోకము వెళ్లిపోయెను. 2021 జనవరిలో మహమ్మారి తీవ్రమైనపుడు ఆ నగరపు ఆసుపత్రులలో ప్రాణవాయువు చాలక రోగులు ఊపిరాడక మరణించిరి. క్రీడారంగము కట్టినందుననే ఇది జరిగినదని మేమనము. అట్లనుట న్యాయము కాదు. కాని ప్రేక్షకులకొరకు విమానములను వరుసగా దింపగలిగిన లోకము, రోగులకొరకు ప్రాణవాయువును సకాలమున చేర్చలేకపోయెననుట సత్యము. అతిథిగా వెళ్లి ఆనందించినవాడు ఆ యింటి కష్టమును వినినపుడు తనకేమి యని ఊరకుండరాదు.

ఇక 'సాహసము' అను మాటను విచారింతము. యాత్రలను అమ్మువారు అడవిని జయింపవలసిన శత్రువువలె వర్ణింతురు. ఈ భావము మాకు సమ్మతము కాదు. ఆటలో ప్రత్యర్థి గలడు. అడవి ఎవరికిని ప్రత్యర్థి కాదు. అయినను ఆటనుండి అడవికి తీసికొనిపోదగినది యొకటి కలదు. అది నియమము. బ్రెజిల్ ప్రభుత్వపు లెక్కలనుబట్టి, 2004లో ఆ దేశపు అమెజాన్ భాగమున 27,000 చదరపు కిలోమీటర్లకు మించి అడవి నరకబడెను. చట్టమును గట్టిగా నడిపించిన మీదట 2012 నాటికి అది 5,000కు లోబడెను. చట్టము సడలగా 2021లో మరల 13,000 చేరెను. రెఫరీ ఈల ఊదినంతకాలము ఆట సాగును. ఈల మూగవోయిన బలవంతునిదే బంతి.

నియమమును ప్రేమతో పాటించినవారును అచ్చట కలరు. పిరరుకు అను చేప రెండు మూడు మీటర్ల పొడవు పెరుగును. గాలి పీల్చుటకు మాటిమాటికి నీటిపైకి వచ్చును. వల వేయువారి యాశచే అది నశింపనుండెను. మమిరావా అను రక్షితప్రాంతములోని జాలరులు 1999 మొదలు ఒక పద్ధతిని అవలంబించిరి. చేప పైకి వచ్చునపుడు కంటితోను చెవితోను గుర్తించి లెక్కింతురు, ఎదిగినవానిలో నూటికి 30కి మించి పట్టరు, తక్కినవానిని విడిచిపెట్టుదురు. చేపలు మరల విస్తరించెను, జాలరులకు జీవనమును నిలిచెను. పులివేటకంటె ఈ నిగ్రహమే గొప్ప సాహసమని మా నమ్మకము.

అడవి కష్టములో నున్నదనుటకు గుర్తులు కానవచ్చుచునే యున్నవి. మనౌస్ రేవులో 1902 మొదలు నదిమట్టమును కొలుచుచున్నారు. 2023 అక్టోబరులో అది అంతవరకు ఎన్నడును లేనంత తగ్గెను. 2024లో అంతకంటెను తగ్గెను. 2023లో తెఫే సరస్సున నీరు 39 డిగ్రీలు దాటి వేడెక్కి, నూరింటికి మించి నదీ డాల్ఫినులు చచ్చి తేలెను.

కావున యాత్రికుడు ఏమి చేయవలెను? ఆటకు రెండు దినములిచ్చినవాడు అడవికి నాలుగు దినములియ్యవలెను. ఆ నదిమీద పుట్టి పెరిగినవారినే మార్గదర్శకులుగా కుదుర్చుకొని, న్యాయమైన కూలి యియ్యవలెను. జంతువులను పట్టి ఎత్తుకొని చిత్రములు తీయించుకొనరాదు. మనౌస్ అంచున గల రక్షితారణ్యములో 42 మీటర్ల ఎత్తుగల గోపుర మొకటి కలదు. దానిపైకెక్కి చెట్లతలలను మౌనముగా చూచిన ఒక ఉదయము, పది బొమ్మలు కొనుటకంటె మేలు. స్థానికుల ఆటను సయితము చూడవలెను. ఆ నగరమున 1973లో ఆరంభమైన పెలదావ్ అను పోటీలో పేటపేటనుండి వందలకొలది జట్లు ఆడును. ఆదివాసుల జట్లకు వేరుగా ఒక విభాగమును కలదు. ఫుట్‌బాలు అచ్చట ఎవరికి నిజముగా సొంతమో అప్పుడు తెలియును.

విద్యార్థులారా, బ్రెజిలునకు పోగలవారు మీలో బహు కొద్దిమంది. కాని ఈ మాట మీకు దూరమైనది కాదు. విశాఖపట్టణమున అంతర్జాతీయ క్రికెట్ మ్యాచి చూచి, మరునాడు రైలెక్కి అరకు లోయకు పోవువారు ఎందరో కలరు. 2005 ఏప్రిల్ 5వ తేదీన ధోనీ అచ్చట 148 పరుగులు చేసిన కథ మీకు కంఠస్థము. ఆ లోయలో కాఫీ పండించు గిరిజన కుటుంబముల శ్రమ మీకెంత తెలియును? బొర్రా గుహల యెదుట మనము పారవేయు సీసాలను, సంచులను ఎవరు ఏరుచున్నారు? మనౌస్‌కు చెల్లు ధర్మమే అరకునకును చెల్లును.

మొదటి మనుష్యునికి దేవుడు తోట నప్పగించినది అనుభవించుటకు మాత్రమే కాదు, కాచుటకును. ఆట తొంబది నిమిషములలో ముగియును. గెలిచినవారు పాడుచు, ఓడినవారు తల వంచుకొని, ఇండ్లకు పోదురు. అడవి మాత్రము అచ్చటనే యుండును, లేక మన నిర్లక్ష్యముచే లేకపోవును. ఆటను ప్రేమించు బిడ్డలు అడవికిని మిత్రులగుదురు గాక యని మా ప్రార్థన. మీరు వచ్చే సెలవులలో ఏ చోటికి పోయినను, తిరిగి వచ్చి మాకు చెప్పవలసిన మొదటి మాట ఎవరు గెలిచిరని కాక, అచ్చటివారికి మీరేమి ఋణపడితిరో కావలెను.